దేవుని వంతు ఫొటో

మా అల్లుడు మొన్న ఐతారం నాడు మూడు కెమెరాలు తెచ్చి మా నులక మంచం మీద పరిచిండు. అల్లుడంటే బయటోడేం కాదు, నా తమ్ముని కొడుకే. జడ్చర్లల కరెంటాఫీసుల పని. మా బిడ్డను వెంటబెట్టుకొని కాశికి పోతున్నడు. కాశికి పోయేటోడు గంగనీళ్ళు తెచ్చే చెంబు గురించో, చలికి కప్పుకునే శాలువ గురించో ఆలోచన చేస్తడు గద, ఈయనకు మాత్రం ఏ కెమెరా పట్టుకపోవాలె అన్నదే ఫికరు. ఒకటి స్టూడియోల కిరాయికి తెచ్చింది, మెడకు వేసుకుంటే మెడ వంగుతది. ఒకటి ఆఫీసుల దోస్తుది, తోలుసంచిల పండుకొని ఉంది. ఇంకొకటి దుబాయిల పనిచేసేటోడు పంపింది, సబ్బుబిళ్ళ కంటె ఇంత పెద్దగుంటది. దీని అద్దం మంచిది, అది జేబుల పడుతది, ఇది వానకు ఆగదు అని పొద్దటి సంది మా బిడ్డ తల తింటున్నడు.

మా ఆయన అదే మంచం పట్టె మీద కూసున్నడు. కెమెరాలకు జాగా చాలుతలేదు, జర జరుగు అంటే జరగలే. ఆయన సంగతి నాకు కొత్త కాదు. లగ్గమైన కాడి నుంచి జరుగు అంటనే ఉన్న, ఒక్కనాడు జరిగిన మనిషి కాదు.

నేను అడ్కత్తెరతోని వక్కలు కత్తిరించుకుంట కూసున్నదాన్ని, ఉండబట్టలేక అన్న: "పిల్లగా, ముందుగాల వాటిని చెవికాడ పెట్టుకొని ఇను."

"అత్తా, అవి రేడియోలు కావు," అని నవ్విండు.

"రేడియో అయితే నోటితోని చెప్తది. నోటిని ఎవ్వరు నమ్మరు. నమ్మనోల్ల కోసమే కెమెరా," అన్న.

అన్నంక నా చెయ్యి అక్కడనే ఆగింది. ఆ మాట నాది కాదు. మా పెద్దత్తది.

పెద్దత్త మా మామకు వదిన, మా ఆయనకు పెద్దమ్మ. నేను కాపురానికి వచ్చేసరికే ఆమె భర్త లేడు, పిల్లలు పుట్టలే. పుట్టిల్లు నల్లగొండ దిక్కు, యాదగిరిగుట్ట కింద ఊరు. పొడుగు మనిషి. నడుస్తుంటె ముందటికి ఇంత వంగి, ఎదురుగాలిని తలతోని పొడుచుకుంట పోయినట్టు పోయేది. వానాకాలం లేదు, ఎండకాలం లేదు, భుజం మీద నల్ల గొంగడి. ఇంట్ల కూసునేది కాదు. ఇంట్ల కూసుంటె ఇల్లు మీద పడుతదట. అరుగు మీద కూసునేది, అదీ తొవ్వ దిక్కు మొకం పెట్టి. రొండిన తమలపాకుల సంచి, చేతిల అడ్కత్తెర. ఎప్పుడు ఏదో జాతరకు, ఏదో గుట్టకు పోవుడే. ఎటు పోతున్నవంటే చెప్పేది కాదు, వచ్చినంక అంతకు పదింతలు చెప్పేది.

నేను అబద్ధాలు కొంచెం దిట్టంగ చెప్తనని ఊర్ల పేరుంది. ఆ పేరు నా కష్టార్జితం కాదు, ఆమె ఇచ్చిపోయిన ఆస్తి. గుట్ట మెట్ల మీద ఒక కోతి ఆమె ఆకుల సంచి గుంజుకపోయిందట. ఈమె నిలబెట్టి తిట్టిందట. మరుసటి ఏడు పోయేసరికి అదే కోతి మెట్ల మీద ఎదురుచూసి సంచి తెచ్చిచ్చిందట. ఎండిపోయిన ఆకులు పారేసి పచ్చటివి పెట్టి మరీ. ఇంకోసారి జడ్చర్ల టేషనుకు ఆలస్యంగ పోయింది. రైలు అప్పటికే కదిలి సిగ్నలు దాటింది. డ్రైవరు ఎనకకు తిరిగి చూసి, ఆ గొంగడి ఎవరిదో గుర్తుపట్టి, బండిని ఎనకకు నడిపించుకొచ్చి ఎక్కించుకున్నడట. ఈ కథ చెప్తుంటె మా మామ లేచి ఎడ్ల కొట్టంలకు పోయేటోడు, నవ్వితే వదినకు అలుసు దొరుకుతదని.

కొత్త కోడలిని, నాకు వేరే పని లేక ఆమె చేతులనే చూసేదాన్ని. కొన్నినాళ్ళకు ఒక సంగతి పట్టిన. అబద్ధం చెప్పినంతసేపు అడ్కత్తెర ఆడుతనే ఉండేది. టక్కు, టక్కు, టక్కు. నిజం చెప్పేటప్పుడు చెయ్యి ఆగేది. వక్క రెండు దవడల నడుమ అట్లనే ఉండేది, మాట అయిపోయినంక తెగేది. ఇది ఊర్ల ఎవ్వరికి తెల్వదు, నాకొక్కదానికే తెలుసు అనుకునేదాన్ని.

అవి రజాకార్ల దినాలు. హైద్రాబాదు రాజ్యం ఇండియాల కలువాలెనని మా ఆయన, ఊర్లె ఇంకొందరు పిల్లగాండ్లు కలిసి బడి మీద జెండ ఎగరేసిండ్రు. తెల్లారి పోలీసులు వచ్చేసరికి ఎవ్వరు లేరు. తుంగభద్ర దాటి కర్నూలు దిక్కు పోయిండ్రు. నది అవతల నిజాం రాజ్యం కాదు, అక్కడ ఇసొంటోల్లు గుడిసెలు వేసుకొని ఉంటరని విన్నం. అంతే, ఇంక ఏ కబురు లేదు. నదికాడ గొర్లు మేపుకొని వచ్చినాయన ఒకడు చెప్పిండు: ఒడ్డు మీది నుంచి తుపాకులు కాలిస్తె పుట్టిలకెల్లి చారల అంగీ తొడుక్కున్న పిల్లగాడు నీళ్ళల్ల పడ్డడని. నది నిండుగ పారుతుందట, మల్ల తేలలేదట. పుట్టి అంటే వెదురుతోని అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ.

మా ఆయన పోయిననాడు తొడుక్కున్నది చారల అంగీనే.

అప్పటి సంది మా మామ మాట్లాడుడు బంద్ చేసిండు. మా అత్త పొయ్యి ముందట కూసుంటె లేచేది కాదు. పెద్దత్త మాత్రం ఒకనాటి పొద్దున గొంగడి వేసుకొని, గుట్టకు పోతున్నానని చెప్పి, గుట్టకు ఎదురు దిక్కుకు పోయింది. వారమో, పది దినాలో, నాకు యుగమైంది. వచ్చి అరుగు మీద కూసొని చెప్పింది. మా ఆయన ఉన్నడు. గుడిసెల ఉన్నడు. ఆడ పప్పు నీళ్ళ లెక్క చేస్తున్నరని పేచీ పెడుతున్నడు. నేను ఆమె చేతిని చూసిన. అడ్కత్తెర కదలలే.

మా మామ నేల చూసుకుంటనే అన్నడు:

"వదినా, నువ్వు రైలును ఎనకకు నడిపిచ్చినదానివి. నీ మాట పట్టుకొని కొడుకు బతికున్నడని ఎట్ల అనుకోవాలె?"

"గది వేరు, మరిదీ. గిది వేరు."

"నా కండ్లకు రెండు ఒక్కతీరుగనే కనబడుతున్నయి. పెత్రమాస వస్తాంది. వాడు పోయుంటె, బియ్యం ఇయ్యకపోతె ఆకలితోని తిరుగుతడు. నా కొడుకును ఆకలితోని తిప్పనా?"

పెత్రమాస అంటే మా దిక్కు అమాస నాడు ఇంట్ల పోయినోల్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తరు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క పాలు. ఆ పేర్లల్ల మా ఆయన పేరు చదివితే ఇంక ఆయన సచ్చిపోయినట్టే. అదే నాడు మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పేరు చదివితే మాపటికి ఊర్లె ఆడోల్లంత బతుకమ్మ ఆడుతుంటే నా గాజులు పలుగుతయి, పుస్తె తెగుతది. నాకు పద్దెనిమిదేండ్లు నిండలే. మామ మీద కోపం సుత రాలే. ఆయన నా గాజులు చూస్తలేడు, కొడుకు ఆకలి చూస్తున్నడు.

పెద్దత్త నన్ను కొట్టం ఎనకకు పిలిచి చెప్పింది: "నా నోరు ఎవ్వరు నమ్మరే, కోడలు పిల్లా. నమ్మే నోరు ఒకటి కొనుక్కొస్త. రా నాతోని."

పాలమూరుల స్టూడియో నడిపే ఆయనను అందరు ఫొటో సాబు అనేటోల్లు. పల్చటి మనిషి, మెత్తగ మాట్లాడేటోడు. మమ్ములను చూసి, ఫొటో దిగనీకి వచ్చినం అనుకొని కుర్చీ వేసిండు. పెద్దత్త కుర్చీల నన్ను కూసోబెట్టి, నాకు కెమెరానే కావాలె, ప్రయాణానికి పట్టుకపోయేది, అన్నది. ఆయన లోపలికి పోయి అమ్మనీకున్న మూడు తెచ్చి బల్ల మీద పెట్టిండు.

మా అల్లుడు పొద్దటి సంది చేస్తున్న పనే ఆనాడు ఆమె చేసింది. కాని చేసిన తీరు వేరు. మొదటిది డబ్బ లెక్క ఉంది. నేర్చుకునేటోల్లకు ఇదే మంచిది అన్నడు సాబు. పెద్దత్త దాన్ని రొండిన చెక్కుకొని నడిచింది, నేల మీద గొంతుక కూసుంది, లేచింది, పుట్టి ఎక్కుతున్నట్టు కాలెత్తింది. కడుపు ముందటికి పొడుచుకొచ్చింది. "ఈ వయసుల నేను నీళ్ళాడబోతున్ననని ఊరు ఊరంత చెప్పుకుంటది," అని తీసి పెట్టింది. రెండోది బరువు. బిందె మోసుకపోయినట్టుంటది, సిపాయి కన్ను ముందుగాల దాని మీదనే పడుతది, అన్నది. మూడోది మడతది. మూస్తె తమలపాకుల పెట్టెంత పలుచగ ఉంటది. మూత తెరిస్తె లోపలికెల్లి నల్లటి తోలు తిత్తి మడతలు మడతలుగ ముందటికి వస్తది, దాని కొసకు అద్దం.

దాన్ని రొండిన పెట్టుకుంది. గొంగడి కప్పింది. కనబడలే.

అప్పుడు కండ్లు మూసుకొని, మీట నొక్కమని సాబుకు చెప్పింది. చెవి దగ్గర పెట్టిచ్చుకుంది. టక్కు. ఇంకోసారి అన్నది. టక్కు. రొండికెల్లి అడ్కత్తెర తీసి ఉత్తగ ఆడిచ్చింది. టక్కు. నా దిక్కు తిరిగి, కండ్లు మూసుకో, ఏది ఏదో చెప్పు, అన్నది. నేను రెండుసార్లు తప్పు చెప్పిన.

"గిదే," అన్నది. వంగి రెండు కాళ్ళకున్న వెండి కడియాలు ఊడదీసి బల్ల మీద పెట్టింది. పుట్టింటోల్లు పెట్టినవి. భర్త పోయిననాడు సుత తియ్యనియ్యలేదని మా అత్త చెప్పేది.

సాబు ఆ దినమంత కూసోబెట్టి నేర్పిండు. రీలు ఎట్ల ఎక్కియ్యాలె, ఎనక ఎర్రటి కిటికీల గుర్తు వచ్చేదాక పక్కన తాళంచెవి లెక్క ఉన్నదాన్ని ఎట్ల తిప్పాలె. ఎలుగు తగిలితె రీలంత ఖతం, ఏం మిగలదు అని పదిసార్లు చెప్పిండు. రీలుకు ఎనిమిది ఫొటోలు అన్నడు. పెద్దత్త కాదు, ఏడు అన్నది. మొదటిది దేవునిదట. కొత్త పంటల మొదటి పిడికెడు, ఈనిన బర్రె మొదటి పాలు ఎట్లనో, ఇదీ అట్లనే. అని నిలబడి, గుట్ట ఏ దిక్కుందో ఆలోచన చేసి, అటు తిప్పి నొక్కింది.

"అమ్మా, అక్కడ నా గోడ ఉంది," అన్నడు సాబు పాపం.

"గోడ నీకు. నాకు గుట్ట."

ఆ రీలు ఊర్లె చెయ్యి తిప్పుకోనీకి ఖర్చు చేసింది. గొంగడి మాటునుంచి తీసుడు కద, గురి కుదరలే. సాబు కడిగి ఇచ్చినంక చూస్తే మొదటిది ఉత్త గోడ. తర్వాత మా మామ, తలకాయ లేడు. మా ఎద్దు, మొకం లేదు, తోక ఉంది. ఒకదాంట్ల నా రెండు పాదాలు, మట్టెలతో సహా మస్తు సక్కగ వచ్చినయి. ఈమె నది దాటి, ఎవరి కంట పడకుండ మా ఆయన ఫొటో తీసి, అంత కష్టపడి మోకాళ్ళు పట్టుకొస్తె మా మామ నమ్ముతడా?

కొత్త రీలు ఎక్కిచ్చుకొని పోయింది. పెత్రమాస దగ్గరపడ్డది. ఆమె జాడ లేదు.

ఆ పొద్దున వాకిట్ల సాన్పు చల్లి ముగ్గేసిండ్రు. అయ్యగారు వచ్చి పీట మీద కూసున్నడు. మా మామ చాటల బియ్యం పాళ్ళు పోసిండు. పాలుకొక కూరగాయ. ఒక పాలు ఎక్కువుంది. నా పక్కపొంటి ఇద్దరు ముసలమ్మలు వచ్చి కూసున్నరు. ఎందుకు కూసున్నరో నాకు తెలుసు. మా అత్త మాత్రం తెల్లారకముందే గుట్టలకెల్లి తంగేడు పూలు, గునుగు పూలు తెంపుకొచ్చి ఎడ్ల కొట్టంల గంప కింద దాచిపెట్టింది. ఆ పూలు ఎవరి కోసమని ఆమె చెప్పలే, నేను అడగలే.

మామ తండ్రి పేరు చదివిండ్రు. తల్లి పేరు చదివిండ్రు. అన్న పేరు చదివిండ్రు, అంటె పెద్దత్త భర్త పేరు. తర్వాత అయ్యగారు ఆగి మామ మొకం చూసిండు. మామ నోరు తెరిచిండు.

"జర ఆగుండ్రి," అని కడప దగ్గరికెల్లి వినబడ్డది.

పెద్దత్త. గొంగడికి మట్టి, కాళ్ళకు మట్టి, మొకం గుంజుకపోయింది. ఎవ్వరి మొకం చూడలే. రొండికెల్లి ఒక కాగితం పొట్లం తీసి మా మామ చేతిల పెట్టింది. మామ విప్పిండు.

నాకు దూరం నుంచి తెల్లగ కనబడ్డది. ఒక దిక్కంత తెల్లటి మంట అంటుకున్నట్టు, మిగిలిన దిక్కు ఒక మనిషి. చారల అంగీ. తల ఉంది. పూర్తి తల, చెవులతోని సహా. కండ్లు మాత్రం కిందికి చూస్తున్నయి.

మామ దాన్ని కండ్ల దగ్గరికి తెచ్చుకున్నడు. "వీడే," అన్నడు. మా అత్త అప్పటికే లేచి నిలబడ్డది.

అయ్యగారు మంచాయన, కాని పద్ధతి మనిషి. ఫొటోను తీసుకొని అటు ఇటు తిప్పి అన్నడు: "వీడే, కాదంటలేను. కాని ఎప్పటిదో ఎట్ల తెలుస్తది? ఫొటోల మనిషి ముసలోడు కాడు, సావడు. పోకముందే ఎక్కడన్న దిగిండేమో. కండ్లు సుత కిందికున్నయి."

అది న్యాయమైన మాటనే. నా పక్కనున్న ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

పెద్దత్త రొండికెల్లి కెమెరా తీసింది. తీసి, చాటల బియ్యం పాళ్ళ మీదనే పెట్టింది.

"మరిదీ, వాడు గీ డబ్బల పడ్డడు. గీ డబ్బ నేను వాడు పోయిండన్న కబురొచ్చినంక కొన్న. దేంతోని కొన్ననో నా కాళ్ళు చూడు."

మా మామ వంగి చూసిండు. అందరం చూసినం. నల్లటి కాళ్ళు, మట్టి కొట్టుకపోయిన కాళ్ళు, చీలమండల కాడ మాత్రం కడియాలున్న జాగాల చుట్టూత తెల్లటి పట్టీ. ఎన్నేండ్లు ఎండ తగలని తోలు అది. ఇన్ని దినాలు ఇంట్ల తిరిగితె మా మామ గమనించలే. ఎవ్వరం గమనించలే. నాకు తెలిసి సుత నేను చెప్పలే, చెప్పొద్దని ఆమె ఒట్టు వేయించుకుంది.

మామ చాటలకెల్లి ఎక్కువున్న పాలు రెండు దోసిళ్ళతోని ఎత్తి, మా అత్త కొంగుల పోసిండు.

"గీ బియ్యం వండు," అన్నడు. "ఇంట్లోల్లకు."

ఆ మాపటికి నేను బతుకమ్మ ఆడిన. ఆడుతుంటె నా గాజుల చప్పుడు నాకే మస్తు పెద్దగ వినబడ్డది. ఇప్పుడు చెప్తె అతిశయం అంటరు గని, ఆనాడు మా ఊరి గాజుల చప్పుడుకు పక్కూరి కుక్కలు మొరిగినయి.

నది అవతలి కథ ఆమె తర్వాత చెప్పింది. చెప్పినప్పుడు వక్క అడ్కత్తెరల ఇరుకుకొని ఉంది, తెగలే. అందుకే నేను సగానికి తగ్గించకుండ ఉన్నదున్నట్టే చెప్తున్న.

నది ఒడ్డున గుడిసెలకు ఇవతల నిలబడి కొత్త రీలు ఎక్కిచ్చిందట. మొదటిది దేవునిది కద. గుట్ట దిక్కు తిరిగి కన్ను పెట్టేసరికి మా ఆయన పరుగెత్తుకొచ్చి ఎదురుంగ నిలబడ్డడు. జరుగు బిడ్డా, దేవునికి అడ్డమొస్తున్నవు అన్నదట. నది హోరుకు వినబడలేదో ఏమో, జరగలే. వేలు అప్పటికే మీట మీద ఉంది. టక్కుమన్నది. ఛ, దేవుని వంతు పాయె అనుకొని, తర్వాత ఆయనను తల ఎత్తిచ్చి సక్కగ నిలబెట్టి ఇంకొకటి తీసింది. మా ఊరోల్లు ఇంకెందరున్నరో అందరిని వరుసగ తీసింది.

ఇవతలి ఒడ్డున సోదా చేసే నాకా మీద ఆపిండ్రు. రొండి మీద చెయ్యి వేసిన సిపాయి మూత తెరిస్తె తోలు తిత్తి ఎగిరి ముందటికొచ్చింది. వాడు రెండడుగులు ఎనకకు దుమికిండట, తుపాకి అనుకొని. ఆ తర్వాత సిగ్గుపడి కోపం చేసిండు. ఠాణాకు పంపిస్తె రీలు కడిగి ఎవరెవరున్నరో చూస్తరు అన్నడు.

ఎవరెవరున్నరో చూస్తె, ఎవరెవరి ఇండ్లు ఏ ఊర్లున్నయో తెలుస్తది. ఇండ్లల్ల పెండ్లాలున్నరు, పసిపోరగాండ్లున్నరు. ఆమెకు ఆ ఆలోచన చెయ్యనీకి ఆకుకు సున్నం రాసినంతసేపు పట్టిందట.

"ఠాణాకెందుకు బిడ్డా, నేనే చూపిస్త," అని, ఎనక మూత తెరిచి, మిట్ట మధ్యాన్నం ఎండల, రీలు కొస పట్టుకొని గుంజింది. గుంజుకుంటనే పోయింది. సిపాయి ఆ పట్టీని ఎండకు పెట్టి చూసిండు, తిప్పి చూసిండు. కడగని రీలు మీద ఏం కనబడుతది? పాలమీగడ లెక్క ఉత్తగ ఉంది. ఖాళీది, ముసలిదానికి ఎవడో అంటగట్టిండు అని నవ్వి, కొసకు ఇంత చుట్ట మిగిలి ఉండంగనే, బస్ బస్ అని మీద పారేసిండు.

"గా ఎండల ఒక్కొక్కన్ని నా చేతులతోని నేనే కాల్చిన," అన్నది పెద్దత్త. అప్పుడు సుత అడ్కత్తెర కదలలే.

అంత పోయిందని తెలిసినా పాలమూరుల దిగింది. ఫొటో సాబు తల కొట్టుకొని, అయినా నీళ్ళల్ల వేసి చూద్దామన్నడు. చీకటి గదిలకెల్లి చాలసేపటికి బయటికొచ్చి అన్నడట: "అమ్మా, మొదటిది కద అన్నిటికంటె లోపలికి చుట్టుకుంటది. ఎండ అక్కడిదాక పోలేదు. మీ దేవుని ఫొటో ఒక్కటి మిగిలింది. కాని మీ దేవుడు చారల అంగీ తొడుక్కున్నడు."

నేను ఆ రోజు నుంచి ఆమెను చూసిన తీరు మారింది. ఈ కడప దాటి ఆ కడపకు పోవాలంటె మగోల్లు భయపడే దినాలల్ల, రెండు సార్లు నది దాటి, తన సొంత కోడలి పుస్తె తన చేతిల ఉండంగ, పక్కింటోల్ల పోరగాండ్ల కోసం దాన్ని ఎండల పెట్టిన మనిషి. ఆ ఒక్క ఫొటో మిగిలింది తన తెలివితోని కాదని ఆమెనే చెప్పేది. ఆమె తెలివి కంటె పెద్దది ఆ గుంజిన చెయ్యి.

మిగిలిన ఇండ్లకు తెల్లారి తనే పోయింది. ఉన్నరు, కండ్లార చూసిన, ఫొటోలు మాత్రం కాలిపోయినయి అని చెప్పింది. కొందరు నమ్మిండ్రు, కొందరు నమ్మలే. వారం తిరగకముందే ఇంకో రీలుతోని మల్ల నది దాటింది. అందరి ఫొటోలు తెచ్చింది. ఒక్క ఇంటికి తప్ప. ఆ పిల్లగాడు అక్కడ జ్వరమొచ్చి అప్పటికే పోయిండు. ఎండల కాలిపోయిన ఫొటోనే అతనిది మొదటిది, ఆఖరిది. అతని పెండ్లాం నా ఈడుదే. పోలీస్ యాక్షనై మా ఆయన, మిగిలినోల్లు ఇండ్లకు వచ్చినంక, ఊరు ఊరంత మల్ల పెద్దత్త చుట్టు కూసొని కోతి కథలు, రైలు కథలు అడిగి చెప్పిచ్చుకునేది. ఆ పిల్ల వచ్చి కూసుంటె మాత్రం ఆమె అడ్కత్తెర రొండిన చెక్కుకునేది. ఆ పిల్ల ముందట బతికినన్ని దినాలు ఒక్క అబద్ధం ఆడలే. పెనిమిటి ఆనాడు ఏం అన్నడు, ఎట్ల నవ్విండు, ఏ చెయ్యి నడుముకు పెట్టుకొని నిలబడ్డడు, ఆ పిల్ల ఎన్నిసార్లు అడిగితె అన్నిసార్లు ఒక్క మాట ఎక్కువ లేకుండ, తక్కువ లేకుండ చెప్పేది. కాలిపోయిన ఫొటోను నోటితోని మల్ల కడిగేది.

పెద్దత్త పోయి చాల ఏండ్లయింది. జడ్చర్ల టేషనుల బెంచీ మీద, రైలు కోసం చూసుకుంటనే పోయింది. ఆ దినం ఏ రైలూ ఎనకకు రాలే. అడ్కత్తెర నాకొచ్చింది. కెమెరా తోలు తిత్తిని ఎలుకలు కొట్టినయి. ఆ సగం కాలిన ఫొటో మాత్రం మా ఇంట్ల మేకుకు వేలాడుతాంది.

ఇదంత చెప్పేసరికి మా అల్లుడు మూడు కెమెరాలు ఒకటెనుక ఒకటి చెవికాడ పెట్టుకొని టక్కు టక్కు అనిపిస్తున్నడు. ఆఖరుకు ఆ సబ్బుబిళ్ళనే తేల్చుకున్నడు. రీలు ఎక్కిచ్చి, మొదటిది దేవునిదే కానియ్యి అత్తా, అని గుట్ట దిక్కు తిరిగిండు. ఆ దిక్కు మంచం పట్టె మీద మా ఆయన.

"మామా, జర జరుగు. దేవునికి అడ్డమున్నవు."

జరగలే. ఆయన గోడకున్న ఫొటోను చూస్తున్నడు.

"ఆమె గట్లనే అన్నది," అన్నడు.

"నది హోరుకు నీకు ఇనబడలే గద," అన్న నేను.

"ఇనబడ్డది."

"మరెందుకు జరగలే?"

"పెద్దమ్మ కాళ్ళు చూస్తున్న. కడియాలు లేవు. ఇంట్ల ఏమైందో, నీకేమైందో అని కాళ్ళు ఆడలే. ఏమైనయి పెద్దమ్మా అని తర్వాత అడిగితె, మెరుగుకు ఇచ్చిన అన్నది. అడ్కత్తెర ఆడుతనే ఉండె."

ఇన్నేండ్ల కాపురంల ఈ మాట నాకెప్పుడు చెప్పలే. అడిగితె, నువ్వు అడగలే గద అంటడు. నేను ఫొటో దిక్కు చూసిన. కిందికున్న ఆ కండ్లను ఇన్నేండ్లు సిగ్గనుకున్న, మొండితనమనుకున్న. అల్లుడు ఇంక కెమెరా కన్నుకు పెట్టుకొనే ఉన్నడు, మామ జరుగుతడేమోనని.

"ఉండనియ్యి, పిల్లగా," అన్న. "జరగమనకు. గట్లనే కొట్టు."